ఉగాది సంబరం, టోకెన్ కౌంటర్లు: లాగ్‌ల సంగతి ముందే తేల్చుకుందాం

టెక్నికల్ టీం, కడప:
అందరికీ నమస్కారం. డాలస్‌లో మీకు పొద్దున 9 అయితే ఇక్కడ కడపలో రాత్రి 7:30. ఉగాది సంబరం రోజు కార్యక్రమం అయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను. కానీ పోయినసారిలా సరిగ్గా భోజనాల టైంకి టోకెన్ కౌంటర్ల స్క్రీన్లు ఆగిపోకూడదు. రాగిసంగటి కౌంటర్ ముందు పెద్దవాళ్లు ముప్పావు గంట నిలబడ్డారు. ఆ బాధ నాకింకా పోలేదు.

జరిగింది చెప్తాను. మన కౌంటర్లలో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, ర్యామ్ 512 ఎంబీయే. ఎస్‌డీ కార్డు అరిగిపోకుండా లాగ్‌ల (ఏం జరిగిందో ప్రోగ్రాం రాసుకునే ఫైళ్ల) ఫోల్డర్‌ని ర్యామ్‌లో, అంటే ర్యామ్‌నే డిస్కులా వాడే టీఎంపీఎఫ్‌ఎస్‌లో పెట్టాం. సైజు ఇవ్వలేదు. ఇవ్వకపోతే అది ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు. పోయినసారి స్కానర్ వైరు లూజై సెకనుకు వంద లైన్లు ఒకటే ఎర్రర్ రాసుకుంటూ పోయింది. లైనుకు 150 బైట్లు వేసుకున్నా గంటకు 54 ఎంబీ. నాలుగు గంటల్లో 200 దాటింది. ర్యామ్ చాలక ఆపరేటింగ్ సిస్టం కెర్నెలే టోకెన్ ప్రోగ్రాంని చంపేసింది.

భోజనాల టీం, డాలస్:
తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే లాగ్ ఫైల్ డిలీట్ చేశాను కదా. అయినా ర్యామ్ ఖాళీ కాలేదే?

టెక్నికల్ టీం, కడప:
తప్పు నాదే అక్కా. ప్రోగ్రాం ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోతుంది గానీ జాగా తిరిగి రాదు. ఫైల్‌ని తీసేయకుండా ట్రంకేట్ కమాండ్‌తో సున్నా చేయమని చెప్పాల్సింది.

ఈసారి టీఎంపీఎఫ్‌ఎస్‌కి 32 ఎంబీ హద్దు పెట్టాను. సిస్టం లాగ్‌లు రాసే జర్నల్‌డీ కూడా ర్యామ్‌లోనే రాస్తోంది కాబట్టి దాని హద్దు రన్‌టైమ్‌మ్యాక్స్‌యూజ్ 8 ఎంబీ. మన ప్రోగ్రాం లాగ్‌కి, నిండిన లాగ్‌ని పక్కన పెట్టే లాగ్‌రొటేట్‌లో సైజు 1 ఎంబీ, పాతవి మూడే, కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైల్‌ని సున్నా చేయడం) ఆన్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: సైజు రాశాం కదా అనుకుంటాం, కానీ లాగ్‌రొటేట్ మామూలుగా రోజుకు ఒక్కసారే నడుస్తుంది. మన పండగ ఒక్క పూట. అందుకే దాని టైమర్‌ని 10 నిమిషాలకు ఒకసారి నడిచేలా మార్చాను.

భోజనాల టీం, డాలస్:
అసలు లాగ్‌లే ఆపేస్తే పోదా?

టెక్నికల్ టీం, కడప:
వద్దక్కా. వైరు లూజని మనకు చెప్పింది ఆ లాగే. అది లేకపోతే ప్రోగ్రాంనో వైఫైనో అనుమానిస్తూ ఇప్పటికీ వెతుక్కుంటూ ఉండేవాళ్లం. దానికి బదులు, ఒకే ఎర్రర్ పదే పదే వస్తే నిమిషానికి ఒక్కసారే రాసేలా ప్రోగ్రాంలో మార్చాను. నిన్న రాత్రి ఇక్కడి బోర్డుకు స్కానర్ వైరు సగం పీకి, అలాగే వదిలేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే లాగ్ ఫోల్డర్ 3 ఎంబీ దగ్గరే ఉంది. ప్రాణం కుదుటపడింది.

రిజిస్ట్రేషన్ టీం అన్నలు శనివారంలోపు నాలుగు ఎస్‌డీ కార్డుల్లోనూ కొత్త ఇమేజ్ (ఈ మార్పులన్నీ ఉన్న సిస్టం కాపీ) ఎక్కించండి. ఎక్కించాక జాగా ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి, 32 ఎంబీ కనిపిస్తున్న స్క్రీన్ ఫోటో ఇక్కడ పెట్టండి, నాలుగూ నేనే చూస్తాను. స్కానర్ వైర్లు కొత్తవి రెండు ఎక్స్‌ట్రా తీసుకోండి.

స్టేజీ పక్కన ఫోటోలు తిప్పే బోర్డుకూ ఇదే ఇమేజ్. ఉగాది పొద్దున దేవుని కడప గుడికి వచ్చే ముస్లిం కుటుంబాల ఫోటోలు అడిగారు కదా, అవి తీసిన రోజే పంపిస్తాను.