ఆక్రమిత ప్రాంతాల సరుకు: ఒక్క దేశం ఆపితే సరిపోతుందా, అందరూ కలిసే ఆపాలా?

వన్‌టౌన్_కర్నూలు:
కర్నూలు వన్‌టౌన్‌లో మాది ఖర్జూరాల దుకాణం. రంజాన్ సీజన్‌లో మెడ్జూల్ కొనేవాళ్లు ఇప్పుడు రేటు కంటే ముందు డబ్బా తిరగేసి చూస్తున్నారు. “భాయ్, ఇది వెస్ట్‌బ్యాంక్ సెటిల్‌మెంట్లలో పండిందా?” అని అడుగుతారు. అంటే ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా నేల మీద ఇజ్రాయెలీలు కట్టుకున్న ఊళ్లలో అని. స్టిక్కర్ మీద దేశం పేరు, ప్యాకింగ్ తేదీ ఉంటాయి గానీ తోట ఎవరి నేల మీద ఉందో ఉండదు. అట్లాంటి సరుకు అమ్మడం నాకూ ఇష్టం లేదు. స్లోవేనియా 2025 ఆగస్టులో ఆ దిగుమతులు ఆపేసింది. ఐర్లాండ్‌లో అట్లాగే ఆపాలని 2018లో బిల్లు పెడితే ఏళ్ల తరబడి నానింది. యూరప్ అంతా కలిసేదాకా ఆగాల్సిందేనా?

అనంతపురం_మాస్టారు:
ఆగాల్సిన పని లేదు నాయనా. మనకు స్వాతంత్ర్యం కూడా రాకముందే, 1946లో, ఇండియా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. అక్కడి భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ కాపురం ఉండాలో గిరి గీస్తూ చట్టం చేసినందుకు. వ్యాపారం మానండని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సభ్యదేశాలను కోరింది 1962లో. యూరప్ దేశాలు కలిసి అక్కడి ఇనుము, ఉక్కు, బంగారు నాణేలు వద్దన్నది 1986లో. నలభై ఏళ్లు! అందరూ వచ్చేదాకా చూద్దామని మనమూ కూర్చుని ఉంటే?

ఐర్లాండ్ ప్రభుత్వం చాలాకాలం చెప్పిన సాకు, వ్యాపార విధానం యూరోపియన్ యూనియన్ చేతిలో ఉందని. అది నిజమే. కానీ 2015 నాటి దిగుమతుల నిబంధనల్లోనే, ప్రజా నీతి, ప్రజా విధానం కోసం ఏ సభ్యదేశమైనా సొంతంగా ఆపుకోవచ్చనే వెసులుబాటు ఉంది. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమణను బలపరిచే వ్యాపారం పెట్టుకోవద్దని, దాన్ని అడ్డుకోవాలని అన్ని దేశాలకూ చెప్పింది. అది సలహా తీర్పే. అయినా ఆ తర్వాతే ఐర్లాండ్ మాట మారింది.

కడప_క్లియరింగ్:
మాస్టారూ, ధర్మం మీరన్నట్టే ఉండొచ్చు. నేను పోర్టులో కాగితాలు చూసేవాణ్ని, నాకు కనిపించేది వేరు. స్లోవేనియాకు కోపర్ రేవు ఉంది, దాని పక్కనే ఇటలీ వాళ్ల ట్రియెస్టే. రెండూ యూరోపియన్ యూనియన్ దేశాలే కాబట్టి, అక్కడ కస్టమ్స్ దాటిన డబ్బాను స్లోవేనియా సరిహద్దులో మళ్లీ ఆపేవాళ్లు లేరు. తెలంగాణ మందు రాకుండా మనకు పంచలింగాల చెక్‌పోస్టు అన్నా ఉంది, వాళ్లకు అదీ లేదు. పైగా 2024 అక్టోబర్ 4న యూరోపియన్ యూనియన్ కోర్టు, మొరాకో చేతిలో ఉన్న పశ్చిమ సహారా టమాటాలు, కర్బూజాల మీద లేబుల్ తప్పుగా ఉన్నంత మాత్రాన ఫ్రాన్స్ ఒక్కటే దిగుమతి ఆపడానికి వీల్లేదంది.

కలిసి చేస్తే ఎట్లుంటుందో క్రిమియాలో చూశాం. 2014 మార్చిలో ఉక్రెయిన్ నుంచి రష్యా దాన్ని కలుపుకుంటే జూన్‌లో యూనియన్ మొత్తం ఆ సరుకు ఆపింది. సరుకు ఎక్కడిదో చెప్పే మూల ధ్రువపత్రం ఉక్రెయిన్ ఇస్తేనే లోపలికి. ఏ రేవులోనైనా అదే రూలు.

అనంతపురం_మాస్టారు:
క్రిమియాకు మూడు నెలలు పట్టింది. వెస్ట్‌బ్యాంక్ ఆక్రమణ 1967 నుంచి ఉంది. ఏకాభిప్రాయం రావాలంటే ఒక్క దేశం తల అడ్డంగా ఊపినా కథ ముగిసినట్టే. కారుతుందని కుండే వద్దంటే ఎట్లా? ముందు ఒకరు ఆపితేనే మిగతావాళ్లను నిలదీయగలం.

వన్‌టౌన్_కర్నూలు:
కారడం మాకూ తెలుసు సార్. 2025 మే 2న మన దేశం పాకిస్తాన్ దిగుమతులన్నీ ఆపింది. తర్వాతి నెలలోనే, దుబాయ్ మీదుగా వేరే దేశం పేరుతో వచ్చిన 39 కంటైనర్లను డీఆర్ఐ (దొంగ దిగుమతులపై నిఘా పెట్టే కేంద్ర సంస్థ) పట్టుకుంది. మరి నా డబ్బా సంగతి ఎట్లా తెలుసుకోను?

కడప_క్లియరింగ్:
అన్నా, ఇజ్రాయెల్ నుంచి యూరప్‌కు పోయే సరుకు కాగితాల్లో ఉత్పత్తి అయిన చోటి పిన్‌కోడ్ వేస్తారు, 2005 నుంచి. సెటిల్‌మెంట్ పిన్‌కోడ్ అయితే సుంకం రాయితీ ఇవ్వరు, సరుకును మాత్రం రానిస్తారు. మీ ముంబై దిగుమతిదారుణ్ని మూల ధ్రువపత్రం కాపీ, ప్యాకింగ్ హౌస్ ఉన్న ఊరి పేరు అడగండి. ఊరి పేరు చెప్పడానికి నసిగితే ఆ లాట్ తీసుకోవద్దు.