లోతు సొరలకు ఎర వేసి వీడియో తియ్యడం పరిశోధనేనా?

కపిలతీర్థం_కుర్రోడు:
నిన్న రాత్రి రూమ్‌లో లోతు సముద్రం వీడియోలు వరసగా పెట్టుకుని చూశాం. సిక్స్‌గిల్ అని ఒక సొర, చాలా సొరలకు పక్కన ఐదు మొప్ప చీలికలుంటే దీనికి ఆరు, చీకట్లోంచి మెల్లగా వచ్చి కెమెరా ముందు కట్టిన చేపల సంచిని మూతితో నెట్టి, కొరికి, స్టాండును కూడా ఒక ఊపు ఊపి పోయింది. ఒళ్లు జలదరించింది, అది నిజమే. కానీ ఎర కట్టి, కళ్లు చెదిరే లైటు వేసి, అది వచ్చాక కింద "సహజ ప్రవర్తన" అని రాస్తారేంది? అన్నదానం క్యూలో జనాన్ని వీడియో తీసి, తిరుపతోళ్లు రోజంతా ఇట్లే నిలబడి ఉంటారని చెప్పినట్టుంది. నా ఓటు ఎర ఆపెయ్యడానికే. అలిపిరి దారిలో చిరుతల కోసం ఫారెస్టు వాళ్లు పెట్టే ట్రాప్ కెమెరాల ముందు మాంసం కడతారా?

జువాలజీ_మేడమ్:
తమ్ముడూ, చిరుతకు కాలిబాట ఉంటుంది, ఆ బాట పక్కన చెట్టుకు కెమెరా కడితే చాలు. వెయ్యి మీటర్ల లోతులో సొరకు బాట ఎక్కడుంది? ఎర లేకుండా కెమెరా దించితే నీకు దొరికేది బురద, అంతే. తిండి తక్కువ చోటు కాబట్టి జీవులు ఎక్కడో ఒకటి ఉంటాయి, వాసన నీటి వాలులో పోతేనే అవి వస్తాయి.

ఎర వల్ల సొరల లెక్క తప్పుతుందని పరిశోధకులకూ తెలుసు. అందుకే గంట వీడియోలో సొర పదిసార్లు కనబడినా పది అని రాయరు, ఒక్కటే చుట్టూ తిరిగి మళ్లీ మళ్లీ వచ్చి ఉండొచ్చు కదా. ఒకే ఫ్రేములో ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని పడ్డాయో ఆ అంకె మాత్రమే తీసుకుంటారు. రెండు పడితే రెండు. ఉన్నవాటికంటే తక్కువ చూపిస్తుందేమో గానీ ఎక్కువ చూపించదు.

లైటు సంగతిలో మాత్రం నేను నీ వైపే. ఎరుపు వెలుగు సముద్రం పై పొరల్లోనే ఇంకిపోతుంది, అందుకే లోతు జీవుల్లో చాలావాటికి ఎరుపు కనబడదు. ఎడిత్ విడర్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్నే వాడుకుని కెమెరాకు ముదురు ఎరుపు దీపం పెట్టారు. ఆపదలో జెల్లీ చేప వెలిగించే నీలి వెలుగును అనుకరించే దీపాల గుండ్రాన్ని ఆకర్షణగా పెట్టారు. 2012లో జపాన్ ఒగసవారా దీవుల దగ్గర రాక్షస స్క్విడ్ అనే పొడవాటి చేతుల సముద్ర జీవి ఆ కెమెరాకే చిక్కింది.

చిత్తూరు_నీలం:
మేడమ్, స్క్విడ్ సరే. సొర మూతి మీద సన్న రంధ్రాలుంటాయి, వాటితో నీళ్లలో పుట్టే కరెంటును పసిగడుతుంది. ఉప్పునీళ్లలో లోహం ఉంటే చుట్టూ కొంచెం కరెంటు పుడుతుంది. ఎర్ర లైటు పెట్టి దాక్కున్నామనుకుంటే మన సంబరమే, అది కెమెరానే కొరకడానికి వస్తుంది. నన్నడిగితే వీడియో కంటే ట్యాగ్ మేలు, అంటే సొర ఎక్కడ తిరుగుతోందో తెలిపేలా ఒంటికి తగిలించే చిన్న పరికరం. 1990లో కాలిఫోర్నియా తీరంలో ఒక మెగామౌత్ సొరకు ట్యాగ్ తగిలించి రెండు రోజులు వెంటాడితే, పగలు వంద మీటర్ల కిందకి దిగి రాత్రి పైకి వస్తోందని తేలింది. ఏ వీడియో చెప్పింది ఆ మాట?

తూపిలిపాళెం_రాజా:
ఏం సామీ, సంచిలో కిలో కవ్వ చేపల కోసం ఇంత పంచాయతీనా! మన జిల్లాకూ ఇప్పుడు సముద్రం ఉంది, మా ఇంట్లో సొరపుట్టు తినే పెరిగాను, కాబట్టి నీతులు చెప్పను. కానీ లోతు సొరలను చంపేది కెమెరా కాదు, గాలం. కాలేయం నూనె కోసం, మాంసం కోసం పట్టీ పట్టీ లోతు సొరల్లో, టేకి చేపల్లో ఏడు జాతులకు ఒకటి ముప్పులో పడిందని 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ నూనెలోని స్క్వాలీన్ క్రీముల్లోకి పోతుంది. ఆ లోతు సొరల్లో గల్పర్ అనే సొర కాన్పుకు మామూలుగా ఒకే పిల్లను కంటుంది. బోటు నిండా అవి పడితే మళ్లీ ఎప్పటికి కోలుకుంటాయి?

ట్యాగ్ అన్నావు కదా నీలం అన్నా, ట్యాగ్ వెయ్యాలంటే గాలం వేసి పైకి లాగాలి. లాగి వదిలిన సిక్స్‌గిల్ కొన్ని రోజులు మామూలుగా తిరగదు. ఆ బాధ లేకుండా 2019లో బహామాస్‌లో జలాంతర్గామిలో దిగి కిందనే ట్యాగ్ కొట్టారు. ఆ జలాంతర్గామి ముందు ఏం కట్టారో తెలుసా? ఎర!

చిత్తూరు_నీలం:
హహ, అది కొట్టావు. అయినా కిందకి దిగే డబ్బు అందరికీ ఉండదు రాజా.

కపిలతీర్థం_కుర్రోడు:
గాలం పాపాన్ని చూపించి లైటు పాపాన్ని కడిగెయ్యకండి అన్నా. జీవితమంతా చీకట్లో బతికే కళ్ల మీద ఫ్లడ్ లైటు కొట్టడం వ్యూస్ కోసమే, దానికి పరిశోధన అని పేరెందుకు? ఎర అంటారా, కట్టుకోండి, కానీ ఎంత కట్టారు, ఏ రంగు లైటు, కెమెరా దిగిన ఎన్ని నిమిషాలకు సొర వచ్చింది, ఇవి వీడియో మీదే వెయ్యాలి. చోటు మాత్రం వెయ్యకూడదు. రాజా అన్న చెప్పిన నూనె బోట్లు కూడా యూట్యూబ్ చూస్తాయి.

జువాలజీ_మేడమ్:
చోటు దాచడం మంచి మాట, దానికి నా ఓటు. చెన్నైలో మన వాళ్లు మత్స్య-6000 అనే జలాంతర్గామి తయారు చేస్తున్నారు కదా, ముగ్గురు మనుషులు ఆరు వేల మీటర్ల దాకా దిగడానికి. మనుషులు దారి చూసుకోవడానికి తెల్ల లైటు తప్పదు, ఒప్పుకుంటా. దాంతోపాటు ఒక ఎర్ర దీపం కూడా పెట్టుకోమని ఎవరైనా వాళ్లకు మెయిల్ రాస్తారా? మీలో ఎవరూ రాయకపోతే నేనే రాస్తా.