మందుల ఫ్రిజ్‌కి ఐఓటీ పెట్టించమంటున్నారు, వాడినవాళ్లు కాస్త చెప్పండి

బరంపురం కుర్రోడు:
మాది బరంపురంలో మందుల ఏజెన్సీ. ఇన్సులిన్, టీకాలు రెండు ఫ్రిజ్‌లలో పెడతాం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నాన్న పొద్దున, సాయంత్రం థర్మామీటర్ చూసి నోట్‌బుక్‌లో రాస్తారు. కిందటి నెల ఒక ఆదివారం ఫ్రిజ్ ఆగిపోయింది. సోమవారం షాపు తీసి చూస్తే 19! సరుకంతా పారబోశాం. ఇప్పుడు ఒకాయన వచ్చి ఐఓటీ, అంటే ఫ్రిజ్‌ని ఇంటర్నెట్‌కి కలిపి ఫోన్‌లోనే చూసుకునే ఏర్పాటు, పెడతానంటున్నాడు. క్లౌడ్, డాష్‌బోర్డ్, ఏఐ అంటూ ఇరవై నిమిషాలు చెప్పాడు, నాకు సగమే ఎక్కింది. ఇది నిజంగా పనికొచ్చేదేనా?

జయపురం రిపేర్ షాపు:
పెద్ద బ్రహ్మవిద్యేం కాదు తమ్ముడూ. సెన్సర్ చల్లదనం కొలుస్తుంది, చిన్న బోర్డు ఆ అంకెను వైఫై మీదో సిమ్ మీదో సర్వర్‌కి, అంటే ఎక్కడో ఉండే కంప్యూటర్‌కి పంపుతుంది, గీత దాటితే సర్వర్ నీకు కబురు పెడుతుంది. నేను డీఎస్18బీ20 సెన్సర్, ఈఎస్‌పీ32 బోర్డు వాడి రెండు మూడు చోట్ల పెట్టాను. ఆ రెండూ కలిపినా వెయ్యి రూపాయలు దాటవు. మీవాడు ఎంత చెప్పాడో గానీ, డబ్బు తీసుకునేది వస్తువుకి కాదు, సర్వర్‌కీ సర్వీసుకీ.

రెండు మాటలు గుర్తుపెట్టుకో. ఆ సెన్సర్‌లో అర డిగ్రీ అటూ ఇటూ తేడా ఉంటుంది, అందుకని అలారం 8 దగ్గర కాదు, 7.5 దగ్గర పెట్టు. కింద కూడా 2.5. ఇన్సులిన్ గడ్డకట్టినా పాడైనట్టే, పైకి చూస్తే తెలియదు. రెండోది, సెన్సర్‌ని గాలిలో వేలాడదీయకు. గ్లైకాల్ (ఫ్రిజ్‌లో గడ్డకట్టని ద్రవం) పోసిన చిన్న సీసాలో ముంచి ఉంచు. లేకపోతే తలుపు తీసిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది, నాలుగు రోజులకి విసుగొచ్చి నువ్వే ఆపేస్తావు.

ధర్మాబాద్ మిర్చి:
జయపురం అన్న చెప్పింది బాగానే ఉంది గానీ అసలు సంగతి వదిలేశాడు. కరెంట్ పోతే రౌటర్ కూడా పోతుంది కదన్నా! మా కోల్డ్ స్టోరేజ్‌లో మొదట వైఫై మీదే పెట్టించాం. ఒక రాత్రి కరెంట్ పోయింది, జనరేటర్ ఎత్తుకోలేదు, ఫోన్‌కి ఒక్క మెసేజ్ రాలేదు. పొద్దున యాప్ తెరిస్తే ఆకుపచ్చగా అంతా బాగుందని చూపిస్తోంది. అది రాత్రి పదకొండింటి అంకె! మిర్చి కాబట్టి పోలేదు, అదే నీ టీకా అయితే ఏమయ్యేది?

తర్వాత బ్యాటరీ, సొంత సిమ్ ఉన్న డబ్బా పెట్టించాం. ఇంకో షరతు కూడా పెట్టాం: పదిహేను నిమిషాలు దాని నుంచి అంకె రాకపోతే, రాలేదని సర్వర్ ఫోన్ చేయాలి. మీవాడిని ముందు ఇదే అడుగు. తడుముకున్నాడంటే పంపించెయ్.

లాభం వేరే దగ్గర వచ్చింది మాకు. కంప్రెసర్లు లాగే కరెంట్ కూడా కొలవమన్నాం. కరెంట్ వచ్చిన ప్రతిసారీ రెండూ ఒకేసారి స్టార్ట్ అయ్యి డిమాండ్ (ఒక్కసారిగా లాగే కరెంట్) పైకి పోతోందని గ్రాఫ్‌లో కనిపించింది. ఇప్పుడు రెండోది ఐదు నిమిషాలు ఆగి లేస్తుంది, బిల్లులో డిమాండ్ చార్జీ తగ్గింది. మా గుమాస్తా అయితే ముందు నుంచీ ఇదే మొత్తుకుంటున్నాడు, వింటే గదా మేము.

సిరొంచ రైతు:
మా పొలం ప్రాణహిత పక్కన. బోరుకి మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నాం, అదీ ఐఓటీయే అంటే మొన్నే తెలిసింది. కరెంట్ వంతు రాత్రిపూట వస్తే చీకట్లో పాముల మధ్య నడవక్కర్లేదు, మంచం మీద నుంచే ఫోన్ చేస్తే మోటార్ లేస్తుంది. నీళ్లు తగ్గితే మోటార్ లాగే కరెంట్ పడిపోతుంది, అది చూసి తనే ఆగిపోతుంది. లేకుంటే ఈపాటికి రెండుసార్లు కాయిల్ కట్టించేవాణ్ణి. బరంపురం తమ్ముడూ, డబ్బా లోపల 2జీ మాడ్యూల్ ఉందా, 4జీనా అడుగు. మాది 2జీ. అది తెలియక జియో సిమ్ వేసి వారం తల పట్టుకున్నాం, జియోకి 2జీయే లేదట.

రాయగడ లారీలు:
సెన్సర్ చెప్పిందల్లా నిజం అనుకోకండి. డీజిల్ ట్యాంకులో లెవెల్ సెన్సర్ పెట్టించాను. కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు ట్యాంకు వాలి, ముప్పై లీటర్లు ఒక్కసారి తగ్గినట్టు చూపించింది. పదకొండేళ్లుగా పనిచేస్తున్న డ్రైవర్‌ని దొంగ అన్నాను. దిగువకి వచ్చాక డీజిల్ మళ్లీ 'పెరిగింది'. క్షమించమన్నాను, మనిషి ఊరుకున్నాడు గానీ ఆ దసరాకి ఇంటికి భోజనానికి రాలేదు. ఇప్పుడు బండి సమానంగా ఆగి పది నిమిషాలయ్యాక వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకుంటున్నాం. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి లెక్కలు డబ్బాలోనే దాచుకుని తర్వాత పంపేది తీసుకున్నాను.

పర్లాకిమిడి మాష్టారు:
ఈ ఐఓటీ అనే పేరు పుట్టిందీ సరుకు గొడవలోనే నాయనా. 1999లో ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో పనిచేసే కెవిన్ ఆష్టన్, అరల్లో లిప్‌స్టిక్ అయిపోయిన సంగతి కంపెనీకి ఎందుకు తెలియడం లేదని బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. సరుకుకి చిప్‌లు పెట్టి ఇంటర్నెట్‌కి కలపాలని చెప్పే తన ప్రసంగానికి 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అని పేరు పెట్టాడు.

సరే గానీ, పాస్‌వర్డ్ సంగతి ఎవరూ చెప్పలేదేం? డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ మార్చని పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. ఇంకొకటి, తుపాను రోజున ఏ సిమ్మూ పనిచేయదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మా ఊళ్లో చూశాం. ఐస్ ప్యాకులు, జనరేటర్ సిద్ధంగా లేకుండా ఈ సరంజామా ఎందుకు?

బరంపురం కుర్రోడు:
అందరికీ దండాలు. మాష్టారూ, మీరన్నదే నాన్న కూడా అన్నారు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఐస్ పెట్టెల్లో పెట్టి ఎలా కాపాడారో గంటసేపు చెప్పారు.

ఇవాళ ఆ అమ్మకందారుని మిర్చి అన్న చెప్పినట్టే అడిగాను. అంకె ఆగిపోతే ఫోన్ వస్తుందా అంటే, 'అది ప్రీమియం ప్లాన్‌లో ఉంది సార్' అన్నాడు! పంపించేశాను. జయపురం అన్నా, నువ్వు వచ్చి ఒకటి బిగిస్తావా? బ్యాటరీ, 4జీ సిమ్‌తో. ఫోన్ ముందు నాకు, నేను ఎత్తకపోతే షాపు పైన ఉండే బాబాయికి.

జయపురం రిపేర్ షాపు:
ఆదివారం వస్తాను. గ్లైకాల్ నేనే తెస్తా, సీసా నువ్వు చూసిపెట్టు. బాబాయి రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెడతారేమో, ముందే కనుక్కో.

బరంపురం కుర్రోడు:
పెడతారు. అయితే ఇంట్లో బజర్ కూడా తీసుకురా అన్నా.