వీణ కుండకు సాండింగ్ మిషన్ పెట్టవచ్చా?

పనసచెక్క: ఏకాండి వీణ, అంటే ఒకే దుంగలో తొలిచేది, చేస్తున్నాను. కుండ (నాదం పలికే గుండ్రటి బుర్ర) తొలచడం అయింది. ఉప్పుకాగితం రుద్ది రుద్ది భుజం పడిపోయింది. అయిదంగుళాల ఆర్బిటల్ మిషన్ కొన్నాను. ఏ నంబరు కాగితంతో మొదలుపెట్టాలి? కుండను మూసే పై పలకకూ వాడవచ్చా?

మేళకట్టు: పలక జోలికి వెళ్లకండి. నేను వెళ్లాను. బెల్టు మిషన్, 80 నంబరు. గుర్రం (తంతులను మోసే దిమ్మ) కూర్చునే చోట రెప్పపాటులో పల్లం పడింది, తంతులు బిగించగానే పలక కుంగింది. దాని మీద ఇప్పుడు మా ఇంట్లో కూరగాయలు తరుగుతున్నారు.

సొరబుర్ర: అసలు కాగితమెందుకు? మా తాతగారు గాజుపెంకుతో గీకితే కుండ అద్దంలా ఉండేది. మిషన్ పెడితే నాదం చస్తుంది.

వడ్రంగి72: ఎలా చస్తుందో చెప్పండి. మందం సరిగ్గా ఉంటే, రుద్దింది చెయ్యో మోటారో చెక్కకేం తెలుసు?

సొరబుర్ర: బల్లలు చేసేవారికి తెలియదులెండి. బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లి వెళ్లి చూడండి, బాడిస, ఉలి ఎలా పలుకుతాయో.

వడ్రంగి72: ఆ బల్లలు చేసిన చేత్తోనే మూడు వీణలు చేశాను. తాతగారివి పక్కన పెట్టి, మీరెన్ని చేశారో చెప్పండి.

డాలస్‌గిటారు: కొట్లాట తర్వాత. పనసచెక్క గారూ, 120తో మొదలుపెట్టి 180, 220 వరకు వెళ్లండి. మిషన్ బరువు మిషన్‌దే, మీరు నొక్కితే సున్నాల్లాంటి గీతలు పడతాయి. అవి లక్క పాలిష్ పూశాకే బయటపడతాయి, ఏడుపొస్తుంది. పక్కనుంచి దీపం పెట్టి చూసుకోండి. చివరి చేయి మాత్రం చేత్తోనే, చెక్క రేఖ వెంట.

మేళకట్టు: మధ్యలో ఒక మాట: స్వరాల మెట్లు నిలిపే మైనంలో బొగ్గుపొడి ఎంత కలుపుతారు? ఎండాకాలంలో నా 24 మెట్లూ జారుతున్నాయి.

దగ్గుమందు: మాస్కు మాట ఒక్కరూ ఎత్తరేం? చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. మిషన్ పొడి మరీ సన్నం. ముక్కుకు తువాలు చుట్టుకుంటే ఆగదు.

సొరబుర్ర: గాజుపెంకుకు పొడి లేవదు. చుట్టలు చుట్టలుగా పొట్టు వస్తుంది. అందుకే చెప్పాను.

వడ్రంగి72: వేలు తెగుతుంది. అది చెప్పలేదు.

పనసచెక్క: అందరికీ ధన్యవాదాలు. కుండ బాగా వచ్చింది. ఆ ఊపులో మిషన్‌ను యాళి (వీణ చివరి సింహపు తల) దాకా పోనిచ్చాను. ఎడమ చెవి సగం పోయింది. అతికించడానికి ఏ జిగురు మంచిది?

సొరబుర్ర: అతికిస్తే ఇక అది ఏకాండి ఎలా అవుతుంది?

వడ్రంగి72: మొదలైంది మళ్లీ.