డి-పట్టా భూమి అమ్ముకునే హక్కు ఉండాలా, వద్దా?

మెట్టపొలం:
డి-పట్టా అంటే ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. అది పేదల దగ్గరే ఉండాలని 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం తెచ్చారు. 2023లో ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చంది. ఇది తప్పని నా వాదన. ఉన్న ఒక్క కంచె కూడా పీకేశారు. మీరేమంటారు?

చిత్రావతి:
ఆ కంచె ఎక్కడుండెన్నా? మా నాయనకు ఎకరాన్నర డీకేటీ పట్టా, అదే డి-పట్టా. 2009లో ఆయన గుండె ఆపరేషన్‌కు అమ్మినాం. పక్క చేను ఎకరా నాలుగు లక్షలు పలుకుతాంటే మాది లక్షకు అడిగినారు. "రిజిస్ట్రేషన్ కాదు కదా" అన్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని మీద నాయన వేలిముద్ర. ఆ జిరాక్సు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. చట్టం అమ్మకాన్ని ఆపలా, ధరను తొక్కేసింది.

అడంగల్_1బి:
20 ఏళ్లు లెక్కేసేది పట్టా తేదీ నుంచా, స్వాధీనం నుంచా? ముందు అది తేల్చండి.

మెట్టపొలం:
చిత్రావతి గారూ, ఆ చట్టం ప్రకారం కొన్నవాడిది నేరం. ఆరు నెలల దాకా జైలు. భూమి వెనక్కి తీసుకుని మొదట మీకే ఇవ్వాలి. అర్జీ పెట్టారా?

చిత్రావతి:
మూడుసార్లు. "అమ్మింది మీరే కదా" అని పంపించేసినారు. ఇంకో మాట. సర్కారు తీసుకుంటే అసైన్డ్ భూమికీ సొంత పట్టా భూమితో సమానంగా పరిహారం ఇయ్యాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు చెప్పింది. సర్కారుకైతే పూర్తి ధర, మా అవసరానికి మేము అమ్ముకుంటే పావు ధరనా?

అడంగల్_1బి:
2024లో ప్రభుత్వం మారాక 2023 సవరణ కింది రిజిస్ట్రేషన్లు ఆపేశారు కదా. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

మెట్టపొలం:
ధర పెరిగితే ఇంకా తొందరగా అమ్ముతారు. లేనివాళ్ల చేతిలో డబ్బు నిలవదు. తాగుడుకు పోతుంది, పెళ్లిళ్లకు పోతుంది. ఊళ్లో చూస్తూనే ఉన్నాం.

చిత్రావతి:
మా నాయన ఏనాడూ తాగలేదు! పది ఎకరాల ఆసామి చేను అమ్మి పెళ్లి చేస్తే ఎవరూ అడగరు. మమ్మల్ని మాత్రం పిల్లోళ్లను చూసినట్టు చూస్తారు. మీరెవరు మాకు కాపలా?

మెట్టపొలం:
నేను ఆసామిని కాదు. మా నాన్న రెండెకరాల డి-పట్టా తాగి అమ్మేశాడు. ఆ చేలోనే మా అమ్మ ఇవాళ్టికీ కూలికి కలుపు తీస్తోంది. మిట్ట మధ్యాహ్నం అదే చింతచెట్టు కింద కూర్చుని సద్ది తింటుంది. నేను చూడలేక అటు వెళ్లను.

తులసికోట:
పట్టాలో మీ అమ్మ పేరు ఉందా?

మెట్టపొలం:
లేదు. అమ్మిన సంగతే ఆమెకు నెల తర్వాత తెలిసింది. అందుకే నాకు చట్టం కావాలి. ఇంట్లో అడ్డుపడేవాళ్లు లేనప్పుడు బయట ఒకటైనా ఉండాలి కదా.

తులసికోట:
అయితే మీరడగాల్సింది అమ్మకం మీద నిషేధం కాదు. పట్టాలో ఇద్దరి పేర్లు, అమ్మాలంటే ఇద్దరి సంతకాలు. మీ అమ్మ అడ్డుపడేది.

చిత్రావతి:
అన్నా, మీ అమ్మ సంగతి తెలీక అరిచినా. మేమూ మా అమ్మను అడగలా. ఆస్పత్రి మంచం మీద నాయన వేలు పట్టి ముద్ర వేయించింది నేనే. అడిగుంటే అమ్మ ఒప్పుకునేదే, ఆయన ప్రాణం కదా. లక్షకు మాత్రం ఒప్పుకునేది కాదు.