బస్టాండులో ఫోన్ల కేకలు రాసుకోవడం తప్పా?

బ్రాడీపేట_4వలైను
ఫైనలియర్ ప్రాజెక్టు గొడవ ఇది. బెజవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో ఏ వైపు ఎంత రద్దీ ఉందో వైఫైతో లెక్కపెట్టాలనుకున్నాం. వైఫై ఆన్‌లో ఉన్న ఫోను ఊరుకోదు కదా, దగ్గర్లో రౌటరుందా అని కేకేస్తూనే ఉంటుంది. ఆ కేకలో మ్యాక్ అడ్రసు, అంటే ఫోను వైఫైకుండే గుర్తింపు నంబరు, ఉంటుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, పవర్‌బ్యాంకు లంచ్‌బాక్సులో పెట్టుకుని గుంటూరు బస్సుల దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. ఎవరి ఫోన్లోకీ దూరలేదు. గాల్లో వచ్చింది రాసుకున్నాం, అడ్రసులు హ్యాష్ కూడా చేశాం, అంటే లెక్క కట్టి వేరే అంకెలుగా మార్చేశాం. గైడ్ సర్ ఓకే అన్నారు. నా రూమ్మేటేమో "జనాన్ని అడిగారా? ఇది పొంచి వినడమే" అంటున్నాడు. మీరేమంటారు?

పటమట_పాతబండి
మీవాడిది మరీ చాదస్తం. బస్సులో పక్కవాడు ఫోన్లో అరుస్తుంటే చెవులు మూసుకుంటామా? సీసీ కెమెరాలు మొహాలే తీస్తున్నాయి, వాటినెవరూ అడగరు. పిల్లల లంచ్‌బాక్సు మీద పడ్డారు!

గవర్నర్‌పేట_సోల్డరింగ్
చెవిన పడటం వేరు, నోట్‌బుక్ పెట్టుకుని రాసుకోవడం వేరు పాతబండి గారూ. తమ్ముడూ, అడ్రసులు హ్యాష్ చేశావు సరే, ఫోను ఇదివరకు కలిసిన వైఫైల పేర్లు కూడా కేకలో వస్తాయి, వాటినేం చేశావు?

బ్రాడీపేట_4వలైను
అవి అలాగే ఉన్నాయన్నా. చాలావాటిలో ఆ గడి ఖాళీ. కానీ ఒక ఫోను వరసగా మూడు పేర్లు పిలుస్తోంది: ఒక హాస్టలు, ఒక ఆసుపత్రి, ఎవరిదో ఇంటిపేరు. చూశాక కొంచెం అదోలా అనిపించిన మాట నిజమే.

కరకట్ట_గాలి
పదేళ్లుగా వైర్‌లెస్ సెక్యూరిటీ పాఠం చెబుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు ఆ హ్యాష్ సంగతి. మ్యాక్ అడ్రసు 48 బిట్లు. మొదటి 24 తయారీదారుకిచ్చినవి, ఆ జాబితా బహిరంగమే. మిగిలిన 24 బిట్లకి వచ్చే అడ్రసులు 1,67,77,216. మీ లాప్‌టాప్ వాటన్నిటికీ హ్యాష్ కట్టేలోపు టీ కూడా చల్లారదు. అంటే మీరు పేరు చెరపలేదు, తిరగేసి రాశారంతే. హ్యాష్ కట్టేముందు ఏ రోజుకారోజు కొత్త రహస్య సాల్ట్, అంటే మీకే తెలిసిన కొన్ని అంకెలు, కలిపి, రాత్రికి దాన్ని పారేస్తే అప్పుడు కొంత నయం.

బ్రాడీపేట_4వలైను
మేడమ్, ఇప్పటి ఫోన్లు ఇచ్చేదే దొంగ అడ్రసు కదా. ఐఓఎస్ 8తో 2014లోనే యాపిల్ మొదలెట్టింది. అడ్రసులో రెండో అంకె లేదా అక్షరం 2, 6, ఎ, ఇ అయితే అది దొంగదని మా కోడే చెబుతోంది. ఇంక ఎవరికి నష్టం?

కరకట్ట_గాలి
అసలు చిక్కు అక్కడే ఉంది బాబూ. అడ్రసు మారుతూ ఉంటే ఒకే ఫోను మీ లెక్కలో పదిగా పడుతుంది. దాన్ని సరిచేయాలంటే ఏం చేస్తారు? కేకలో ఉండే మిగతా వివరాలు, వరస నంబర్లు పట్టుకుని ఈ పదీ ఒకే ఫోనని తేలుస్తారు. అంటే ఫోను కప్పుకున్న ముసుగు మీరే లాగుతున్నారు. అది లాగొచ్చని 2017లో అమెరికా నావల్ అకాడమీ వాళ్లు చూపించారు కూడా. వాళ్లు చేసింది లోపం బయటపెట్టడానికి. మీరు రద్దీ లెక్కకి చేస్తే దాన్ని నేను పరిశోధన అనను.

అలాగని మానెయ్యమనడం లేదు. 2013లో లండన్లో చెత్తడబ్బాల్లో ఇలాంటి యంత్రాలే పెట్టి దారిన పోయే ఫోన్లు లెక్కపెట్టారు. గొడవై నగరపాలక సంస్థ ఆపించింది. అదే ఊళ్లో 2016లో మెట్రో రైళ్లవాళ్లు 54 స్టేషన్లలో నాలుగు వారాలు వైఫై లెక్క తీశారు. ముందే బోర్డులు పెట్టి, ఇష్టం లేనివాళ్లు వైఫై ఆపుకోండని చెప్పారు.

పటమట_పాతబండి
మేడమ్, బోర్డు పెడితే మనవాళ్లు చదువుతారా? ప్లాట్‌ఫారం నంబరే చదవరు, పక్కవాణ్ణి అడుగుతారు. పైగా 2023 డేటా చట్టంలో పరిశోధనకి మినహాయింపుంది.

కరకట్ట_గాలి
ఉంది, షరతులతో. ఆ సమాచారంతో ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. లంచ్‌బాక్సులో దాచడం ఏ ప్రమాణమో మీరే చెప్పండి. బోర్డు చదవకపోతే పోనీ, మైకులో చెప్పించండి. బస్టాండులో మైకుకేం కొదవ?

బ్రాడీపేట_4వలైను
పేర్ల గడి మొత్తం తీసేశాను. పాత ఫైలు కూడా. సోమవారం డిపో ఆఫీసుకి లెటర్ పట్టుకెళ్తున్నాం. ముసుగు లాగే పని మాత్రం వదలబుద్ధి కావట్లేదు మేడమ్, మా సొంత ఫోన్ల మీద చేసుకోవచ్చా?

కరకట్ట_గాలి
నిక్షేపంగా. హాస్టల్లో మీ బ్యాచ్ ఫోన్లు అడిగి తీసుకోండి. నాకూ చూపించండి.

గవర్నర్‌పేట_సోల్డరింగ్
ఒక్క మాట. ఆ మూడు పేర్లు పిలిచిన ఫోనుంది చూశావా, పాత ఫోనైనా అయ్యుండాలి, హైడ్ చేసిన వైఫైలైనా అయ్యుండాలి. రౌటరు తన పేరు చెప్పదు కాబట్టి ఫోనే పేరుపెట్టి వెతుక్కోవాలి, ఊరంతా తిరుగుతూ. షాపుకొచ్చి "పేరు కనపడకుండా చెయ్యి, సేఫ్‌గా ఉంటుంది" అనేవాళ్లకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

పటమట_పాతబండి
ఓరి నాయనో. మా ఇంట్లో హైడ్ చేసి మూడేళ్లయింది. ఎలా తీయాలి?