హైదరాబాద్ నుంచి డల్లాస్: పన్నెండు గంటలా, ఇరవై రెండా?

ఖమ్మం కోడలు:
మా అత్తమ్మ జూన్‌లో మొదటిసారి డల్లాస్ వెళ్తున్నారు, మా ఆడపడుచు దగ్గరికి. దుబాయ్‌లో మారాలి. టికెట్ మీద రాత్రి 10:00 హైదరాబాద్, మర్నాడు పొద్దున 9:45 డల్లాస్ అని ఉంది. పన్నెండు గంటలేగా అని మామయ్య ధీమా. దూరం చెప్పే సైట్‌లో 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని చూపించింది. ఆడపడుచేమో దాదాపు రోజంతా అంటోంది. అత్తమ్మకు షుగర్, మాత్రల టైమ్ చూసుకోవాలి. ఎవరి లెక్క కరెక్ట్?

జాగ్రఫీ మాస్టారు:
మీ ఆడపడుచుదే అమ్మా. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. జూన్‌లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. పైకి కనిపించే 11:45కి అది కలపండి, 22 గంటల 15 నిమిషాలు. దుబాయ్‌కి నాలుగు గంటల లోపే. అక్కడ రెండున్నర గంటలు ఆగినా, మిగతా పదహారూ ఒకే సీట్లో.

ఆ సైట్ల సంగతి చెబుతాను. గ్లోబు మీద ఈ రెండూళ్ళ మధ్య దారం లాగి పట్టుకోండి. అది పడమరకు పోదు, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి అటు దిగుతుంది. రేఖాంశాల తేడా 175 డిగ్రీలు మరి! ఆ గీతను గంటకు 900 కిలోమీటర్లతో భాగించి పదహారు అని పెట్టేశారు. ఆ గీత మీద ఎక్కడానికి విమానమే లేదు. దుబాయ్ పెద్ద చుట్టు అనుకుంటారు గానీ 2,550, 12,900 కలిపితే పెరిగేది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. టైమంతా మధ్యలో ఆగడానికీ, ఎదురుగాలికీ పోతుంది.

ప్లేనో వాసి:
2021లో హైదరాబాద్ నుంచి షికాగోకి డైరెక్ట్ వేశారుగా మాస్టారూ?

జాగ్రఫీ మాస్టారు:
వేశారు, ఆపేశారు. అంత దూరం ఎగరలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా వెళ్తున్నారు. కానీ అందులో 161 సీట్లే, ఎకానమీ లేనే లేదు. దూరం పెరిగేకొద్దీ, మోసుకెళ్ళే ఇంధనాన్ని మోయడానికే ఇంకొంత ఇంధనం కాలుతుంది. ఆ ఖర్చు మనలాంటివాళ్ళ టికెట్‌లో ఎక్కడ తేలుతుంది?

ఫ్రిస్కో అమ్మమ్మ:
మాత్రలు చెకిన్ బ్యాగులో వేయకమ్మా, చేతిసంచిలో చీటీతో సహా ఉండాలి. ఎన్ని గంటలకొకటి వేసుకోవాలో డాక్టర్‌తో రాయించుకో, గడియారం చూస్తే తికమకే. వీల్‌చైర్ ఇప్పుడే అడిగిపెట్టు. దుబాయ్‌లో గేటు మారడానికి లోపలే రైలెక్కాల్సి రావచ్చు. మొహమాటపడితే కాళ్ళు వాస్తాయి.

ఖమ్మం కోడలు:
మామయ్యకు చదివి వినిపించాను, ఒప్పుకున్నారు! తిరుగు ప్రయాణం నవంబర్ చివర్లో. అదే లెక్కా?

జాగ్రఫీ మాస్టారు:
కాదు. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, తేడా పదకొండున్నర అవుతుంది. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి దుబాయ్ దాకా గంటకు పైగానే కలిసొస్తుంది.